బయానా బేరం
పొలం కొనకుండానే అమ్మి లాభం తీయవచ్చునని విని, కొందరు కుర్రవాళ్లు భూమి బేరాల్లోకి దిగుతున్నారు. యజమానికి బయానా ఇచ్చి, అగ్రిమెంటు రాయించుకుని, గడువులోగా హెచ్చు ధరకు కొనేవారిని తేవాలి. వినడానికి ఎంత సులువు!

కాని, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం వట్టి అగ్రిమెంటుతో భూమిపై హక్కు రాదు. జనరల్ పవరాఫటార్నీతో సాగే అమ్మకం యాజమాన్యాన్ని మార్చదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. గడువు దాటిందా, బయానాకు నీళ్లు వదులుకోవలసి రావచ్చు. ఒక్కొక్క ఇంట ఆ బయానా అమ్మ మెడలోని గొలుసు!

కనుక కొత్తవాడు ముందుగా ఈసీ తీయించాలి. వారసులందరి సంతకాలూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ‘నా పేరనగాని, నేను చూపినవారి పేరనగాని రిజిస్టరు చేయాలి’ అన్న షరతు రాయించుకోవాలి. తాను యజమానిని కానని కొనేవారితో ముందే చెప్పాలి. దాచి గడించిన లాభం కోర్టు ఖర్చులకే చాలదు.