చింతకాని కవి అఫ్సర్

ఖమ్మం నుంచి మధిర వైపు వెళ్లే రైలు దారిలో చింతకాని స్టేషన్ వస్తుంది. 1964లో అక్కడ పుట్టిన అఫ్సర్ మహమ్మద్ అమెరికా వచ్చి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. పాఠాలు ఇంగ్లీషులో చెప్పినా కవిత్వం మాత్రం తెలుగులోనే రాస్తూ వచ్చారు. ఇంత దగ్గర్లో ఉన్న కవి అమెరికా తెలుగువాళ్లమైన మనలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

తండ్రి కౌముది రచయిత, అనువాదకుడు, కమ్యూనిస్టు. ఎర్రజెండాలూ సాహిత్య సభలూ కలిసి నడిచిన ఖమ్మంలో కొడుకు కూడా కవే అయ్యాడు. 1986లో కవులు ప్రసేన్, సీతారాంలతో కలిసి ‘రక్తస్పర్శ’ కవితా సంపుటి తెచ్చారు. తర్వాత పత్రికా రచన, ‘ఇవాళ’, ‘వలస’, ‘ఊరి చివర’ సంపుటాలు. 1992లో బాబ్రీ మసీదు కూలాక తెలుగులో ముస్లిం కవులు తమ బతుకును తమ గొంతుతోనే చెప్పడం ఊపందుకుంది. ఆ గొంతుల్లో అఫ్సర్‌ది గట్టిది, కానీ అరుపు కాదు. నెమ్మదిగా మాట్లాడుతూనే గుచ్చుకునే కవిత్వం అది.

ఆయన పరిశోధనను కవిత్వం నుంచి విడదీసి చూడలేం. మన పల్లెల్లో మొహర్రం నాటి పీర్ల పండక్కి గుండం చుట్టూ ఆడేవాళ్లలో, పీరును ఎత్తుకునేవాళ్లలో హిందువులెందరో ఉంటారు. మనం చిన్నప్పుడు చూసి మామూలే అనుకున్న ఆ సంగతిని ఆయన మామూలుగా వదిలేయలేదు. అనంతపురం జిల్లా గూగూడు వెళ్లి, కుళ్లాయప్ప స్వామి పీరును కొలిచే జనంతో మాట్లాడి, ‘ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్’ రాశారు. 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన ఆ పుస్తకంలో భక్తి పల్లెజనం చేతుల్లో ఎలా బతుకుతుందో కనిపిస్తుంది. అది మత గ్రంథాల్లో దొరికే సంగతి కాదు. ముస్లింకు తన ఊరితో ఉన్న బంధం ఏమిటన్నదే ఆయన కవితలోనూ పరిశోధనలోనూ అడుగుతున్న ప్రశ్న అని నా అభిప్రాయం.

నిజాం ఏలిన హైదరాబాద్ సంస్థానాన్ని భారతదేశంలో కలిపిన 1948 పోలీసు చర్య గురించి ‘రీమేకింగ్ హిస్టరీ’ రాసినప్పుడూ ఆయన ఆ ప్రశ్నను వదల్లేదు. ఆనాటి హైదరాబాద్ ముస్లింల జ్ఞాపకాలను ఆ పుస్తకంలో చరిత్రకు ఆధారంగా నిలబెట్టారు. నిజాం పాలనను ఎదిరించిన ఖమ్మం ప్రాంతంలో పుట్టినవాడు ఆ రెండో వైపు కథనూ అంతే శ్రద్ధగా వినడం నాకు గొప్పగా తోస్తుంది.

ఆయన కవితలు కొన్ని ‘ఈవెనింగ్ విత్ ఎ సూఫీ’ పేరుతో 2022లో ఇంగ్లీషులో వచ్చాయి. తెలుగు మాట్లాడగలిగినా చదవలేని మన పిల్లలు ఆయనను ఆ పుస్తకంతో మొదలుపెట్టవచ్చు. తెలుగు చదవగలిగినవాళ్లు మాత్రం ‘ఊరి చివర’ తెప్పించుకోండి.