అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్ తరగతి నియమాలు
అమెరికా హైస్కూళ్లలో కాలేజీ బోర్డు రూపొందించిన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఇంగ్లిష్ కోర్సులు కాలేజీ స్థాయి చదువు. అందుకే చాలామంది టీచర్లు ఏడాది మొదట్లోనే నియమాల పత్రమిచ్చి, తల్లిదండ్రుల సంతకమూ తీసుకుంటారు. గైర్హాజరు, ఆలస్యానికి మార్కుల కోత వంటివి బడిని బట్టి మారతాయి. కాపీ విషయంలో మాత్రం పట్టింపు ఎక్కువ. ఏఐ రాసిన పేరాను తనదిగా చూపితే సున్నా పడవచ్చు. అది న్యాయమే, సొంతంగా ఆలోచించడమే ఇక్కడి అసలు చదువు. చదువుతూ పుస్తకం అంచుల్లో సందేహాలు రాసుకోవాలి. చర్చలో అభిప్రాయం చెబితే, దానికి ఆధారమైన వాక్యం ఏ పేజీలో ఉందో చూపాలి. ఈ కోర్సులకు మే నెలలో జరిగే పరీక్షలో మూడు వ్యాసాలు రాయాలి, ఒక్కోదానికి 6 పాయింట్లు. తుది స్కోరు 1 నుంచి 5 వరకు ఉంటుంది. 3 వస్తే చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి. కొన్ని 4 లేదా 5 అడుగుతాయి.