అంకణా కుదిరిన తరువాత

లెక్కలు రాసే వృత్తిలోకి యంత్రం కృత్రిమ మేధతో పాటు వచ్చింది కాదు. కూడికలు, తీసివేతల భారాన్ని మనిషి అంతకు చాలాకాలం ముందే దించుకున్నాడు. వర్తకులు అప్పటికే వాడుతున్న జంటపద్దు విధానాన్ని, అంటే ప్రతి వ్యవహారాన్నీ ఒక ఖాతాలో ఖర్చుగానూ మరొక ఖాతాలో జమగానూ రాసే పద్ధతిని, లూకా పాచోలీ అనే ఇటలీ సన్యాసి 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణితగ్రంథంలో వివరించగా, దాదాపు అయిదు శతాబ్దాల తరువాత 1979లో వచ్చిన విజికాల్క్ అనే ప్రోగ్రాం లెక్కల గళ్ల కాగితాన్ని కంప్యూటర్ తెర మీదికి తెచ్చింది. మన దేశంలో ఆ మార్పు ట్యాలీ రూపంలో వచ్చింది. 1986లో శ్యామ్‌సుందర్ గోయెంకా, ఆయన కుమారుడు భరత్ గోయెంకా బెంగళూరులో మొదలుపెట్టిన సంస్థ తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్ చిన్న పట్టణాలకు కూడా పాకి, గుమాస్తాగా చేరబోయేవారిని డిగ్రీ కంటే ముందు "ట్యాలీ వచ్చా" అని అడిగే స్థితి తెచ్చింది. అయితే అది చెప్పినది చేసే యంత్రమే తప్ప చూసి నేర్చుకునే యంత్రం కాదు. ఖాతాల నిల్వలన్నిటినీ రెండు వరుసల్లో వేసి మొత్తాలు సరిపోయాయో లేదో చూసే పట్టికను అంకణా అంటారు. ట్యాలీ దాన్ని క్షణంలో కుదిర్చి చూపుతుంది, కుదిరిన అంకెలు నిజమా కాదా అన్నది మాత్రం దానికి పట్టదు.

ఆ లోటు ఎంత లోతైనదో 2009 జనవరి 7న హైదరాబాదులో బయటపడింది. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు ఆ రోజు సంస్థ బోర్డుకు రాసిన లేఖలో, 2008 సెప్టెంబరు 30 నాటి ఆస్తి అప్పుల పట్టీలో చూపిన రూ. 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ. 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నారు. తరువాతి దర్యాప్తులో 7,561 నకిలీ ఇన్వాయిస్‌లు తేలాయి. బిల్లులు తయారుచేసే సంస్థ సొంత సాఫ్ట్‌వేర్‌లో వాటికి 'ఎస్' అనే గుర్తు వేయడం వల్ల అవి మామూలు ఉద్యోగుల కంట పడకుండా రాబడి లెక్కల్లోకి మాత్రం చేరిపోయాయి. నకిలీ అమ్మకానికి నకిలీ వసూలు, ఆ వసూలుకు నకిలీ బ్యాంకు నిల్వ జత కూడినందున అంకణా ఏ ఏడాదీ తప్పలేదు. అబద్ధాన్ని రెండు వైపులా సమానంగా రాస్తే జంటపద్దు విధానం దాన్ని ఆమోదిస్తుంది; సత్యం విషయంలో ఎదురు సాక్ష్యమంతా పుస్తకాలకు బయట, బ్యాంకు శాఖల్లో ఉంది.

అంకెల తీరును బట్టే వాటిని అనుమానించవచ్చునన్న ఆలోచన పాతదే. 1881లో ఖగోళ శాస్త్రజ్ఞుడు సైమన్ న్యూకోంబ్ సంవర్గమాన పట్టికల పుస్తకాల్లో 1తో మొదలయ్యే సంఖ్యలుండే మొదటి పుటలే ఎక్కువగా నలిగి ఉండటం గమనించాడు. 1938లో ఫ్రాంక్ బెన్‌ఫర్డ్ ఇరవై వేలకు పైగా సంఖ్యలను పోగుచేసి, సహజంగా పోగుపడిన సంఖ్యల్లో దాదాపు 30 శాతం 1తోనూ, 5 శాతం కంటే తక్కువ 9తోనూ మొదలవుతాయని చూపాడు. కూర్చుని కల్పించిన అంకెలు ఈ వరుసను సాధారణంగా పాటించవు. నేర్చుకునే యంత్రం ఈ ఆలోచననే పెద్దది చేసింది: లక్షల పద్దుల్లోని మొత్తాలు, తేదీలు, పద్దు ఎక్కించిన వేళ, పార్టీల పేర్లు, ఏ ఖాతాతో ఏ ఖాతా జతపడుతున్నదన్న వివరం అన్నిటినీ చూసి, వాటి మామూలు తీరును తానే గ్రహించి, ఆ తీరుకు ఒదగని పద్దును పైకి తీస్తుంది. ఆడిటరు కొన్ని వోచర్లను మచ్చుకు తీసి చూసే చోట యంత్రం మొత్తం కట్టను చూడగలుగుతుంది.

ఇందుకు దగ్గరి ఉదాహరణ తెలంగాణ వాణిజ్య పన్నుల శాఖ సమాచారంతో హైదరాబాదు ఐఐటీ పరిశోధకులు చేసిన పని. కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మినప్పుడు కట్టవలసిన పన్నులోంచి మినహాయించుకునే వెసులుబాటును ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు. నకిలీ బిల్లుతో దీన్ని దక్కించుకున్నవారు ఆ బిల్లును దాచడానికి, సరుకు కదలకుండానే ఒక వర్తకుడి నుంచి రెండో వర్తకుడికి, అతని నుంచి మూడో వర్తకుడికి, అక్కడి నుంచి మళ్లీ మొదటివాడికి బిల్లులు తిప్పుతారు. దీనికే చక్రీయ వ్యాపారమని పేరు. కొన్న విలువా అమ్మిన విలువా దాదాపు సమానం కనుక ఈ తిప్పుడులో కొత్తగా కట్టవలసిన పన్ను ఉండదు. ఏ ఒక్కరి పుస్తకాలు విప్పినా తప్పు కనిపించదు. పరిశోధకులు ప్రతి వర్తకుణ్ని ఒక బిందువుగా, ప్రతి అమ్మకాన్ని విలువా కాలమూ గల బాణంగా గీసి, తిరిగి బయలుదేరిన చోటికే వచ్చే వలయాలను వెదికి తొలగించే పద్ధతి రూపొందించారు. వలయాలు పోగా మిగిలిన బాణాల్లో అసలు అమ్మకాలు తేటపడి, ఎవరు ఎంత పన్ను ఎగవేశారో అంచనా వేయడం సాధ్యమవుతుంది. పుస్తకాలు రాసే గుమాస్తాకు ఈ చూపు ఉండే వీలే లేదు, ఎందుకంటే అతని చేతిలో ఉండేది ఒక్క బిందువు.

ఖమ్మం నగరంలో కలిసిపోయిన ఖానాపురం హవేలి వంటి చోట ఈ యంత్రం ఎదుర్కొనే చిక్కులు వేరు. ఖమ్మం మార్కెట్లో జెండా పాట అనే వేలం ముగిసి, కాటా పూర్తయి, రైతు చేతికి వచ్చే తక్‌పట్టీలో బస్తాల లెక్క, తూకం, ధర, కోతలు ఉంటాయి గాని జీఎస్టీ నంబరు ఉండదు, తన పంట అమ్ముకునే రైతు ఆ నమోదు చేయించుకోనక్కరలేదు కనుక. నగరాల బిల్లులు చూసి నేర్చుకున్న యంత్రం ఆ కొనుగోలు అనుమానాస్పదమని ఎర్రగీత గీస్తుంది. బిల్లులో "మిర్చి" అని మాత్రమే ఉంటే అది పన్ను లేని పచ్చిమిర్చో, 5 శాతం పన్ను పడే ఎండుమిర్చో ఊహించవలసి వస్తుంది. రాష్ట్ర విభజన తరువాత భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగలగా దాన్ని ఆనుకున్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. అందుచేత నాలుగు అడుగుల దూరానికి రాసిన బిల్లు కూడా అంతర్రాష్ట్ర బిల్లే, తెలంగాణ కోడు 36తో మొదలయ్యే జీఎస్టీ నంబరు నుంచి ఆంధ్రప్రదేశ్ కోడు 37తో మొదలయ్యే నంబరుకు అంతర్రాష్ట్ర పన్ను అయిన ఐజీఎస్టీ వేయాలి. గ్రానైట్ బ్లాకుల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దిగినప్పుడు, పాత వోచర్లతో తర్ఫీదు పొందిన ఏ యంత్రమైనా 12 శాతమే సరైనదని పట్టుబట్టే ప్రమాదం ఉంది. ఇక అమ్మకందారులు చూపిన బిల్లులతో తయారయ్యే, జీఎస్టీ పోర్టల్‌లోని జీఎస్‌టీఆర్-2బీ పట్టికను కొనుగోలు రిజిస్టరుతో సరిచూసే సాధనాలను కూడా కృత్రిమ మేధ పేరుతో అమ్ముతున్నారు గాని, వాటిలో పెక్కు పాతకాలపు పోలికలే.

వాక్యాలు అల్లే భాషా నమూనాలతో చిక్కు ఇంకొక రకం. ఆస్ట్రేలియా ప్రభుత్వానికి డెలాయిట్ అనే సలహా సంస్థ కొంతవరకు అలాంటి నమూనా సాయంతో తయారుచేసి ఇచ్చిన నివేదికలో లేని పరిశోధనలు, ఏ న్యాయమూర్తీ అనని మాటలు దొర్లినట్లు తేలి, 2025 అక్టోబరులో ఆ సంస్థ ఫీజులో కొంత భాగం వెనక్కి ఇచ్చేందుకు ఒప్పుకుంది. నమ్మించేలా ఉండటం వేరు, నిజం కావడం వేరు. సత్యం ఇన్వాయిస్‌లు కూడా ఎంతో నమ్మించేలా ఉన్నాయి.

ఉద్యోగాల విషయానికి వస్తే, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఓస్బోర్న్ 2013లోనే పద్దులు రాసే గుమాస్తా పని యంత్రాల పాలయ్యే అవకాశం 98 శాతమని అంచనా కట్టారు. అంత వేగంగా అది జరగలేదు. కాని పని మారిన మాట నిజం. అసలు సమస్య శిక్షణ దగ్గర ఉంది. చార్టర్డ్ అకౌంటెంట్ కాబోయేవారు అనుభవజ్ఞుల దగ్గర చేసే ఆర్టికల్‌షిప్‌ను ఆ వృత్తిని నియంత్రించే సంస్థ ఐసీఏఐ 2023 జులై 1 నాటి కొత్త విధానంలో మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించింది. వోచర్లు తిరగేస్తూ తిరగేస్తూ ఏ బిల్లు వాసన తేడాగా ఉందో పసిగట్టే నేర్పు ఆ ఏళ్లలోనే అబ్బేది. ఇప్పుడు ఆ తిరగేయడం యంత్రానికి పోతున్నది. శిక్షణార్థికి మిగలవలసినది మిర్చి సీజనులో కోల్డ్ స్టోరేజికి వెళ్లి రశీదుల్లోని బస్తాలు నిజంగా ఉన్నాయో, ఎవరి పేరున ఉన్నాయో లెక్కపెట్టడం, బ్యాంకుకు నేరుగా ఉత్తరం రాసి ఖాతా నిల్వ రాబట్టడం. ఆడిట్ ప్రమాణాలు ఈ రెండు పనులనూ ఎప్పటినుంచో కోరుతున్నా, వోచర్ల ఒత్తిడిలో వాటికి దక్కిన సమయం తక్కువే.