అసెంబ్లీ భాష బట్టీ విద్య కాదు

తిరువళ్లూరు, తిరుత్తణి పరిసరాల ఇంజనీరింగ్ కళాశాలల్లో చదివే తెలుగు విద్యార్థుల్లో, నగరి, పుత్తూరుల నుంచి రోజూ రైలెక్కి వచ్చేవారితో సహా, ఒక అపోహ పాతుకుపోయింది: సీనియర్ల రికార్డులోని అసెంబ్లీ ప్రోగ్రామును మక్కికి మక్కి ఎత్తిరాసి, హెక్స్ కోడ్ బట్టీపట్టి మైక్రోకంట్రోలర్ కిట్‌లో ఎక్కిస్తే చాలునట. దీనితో ప్రాక్టికల్ పరీక్ష గట్టెక్కినా, చివరి ఏడాది ప్రాజెక్టులో సొంతంగా పది వరుసలు రాయడానికి చేయి ఆడదు.

ఇంటెల్ సంస్థ 1980లో తెచ్చిన 8051 మైక్రోకంట్రోలర్‌నే తీసుకుంటే, ‘మూవ్ ఎ, #30హెచ్’ అన్న ఆదేశం లెక్కలు జరిగే ప్రధాన రిజిస్టరైన అక్యుములేటర్‌లో 30హెచ్ అన్న సంఖ్యనే ఉంచుతుంది. ఎత్తిరాతలో # గుర్తు జారిపోతే, 30హెచ్ చిరునామా గల మెమరీ గడిలో అప్పటికి ఏ విలువ ఉంటే అదే వచ్చి చేరుతుంది. మొదటిదాని కోడ్ 74 30, రెండోదానిది ఇ5 30. రెండూ చెల్లే ఆదేశాలే కనుక, అక్షర సంకేతాలను యంత్ర కోడ్‌గా మార్చే అసెంబ్లర్ ఏ తప్పూ చూపదు, జవాబు మాత్రం తప్పుతుంది.

సీరియల్ ప్రసారంలో నష్టం ఇంకా స్పష్టం. టైమర్ రిజిస్టర్ టిహెచ్1లో 0ఎఫ్‌డిహెచ్ వేస్తే వేగం 9600 బాడ్ అని అందరూ వల్లిస్తారు, అది 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కే వర్తిస్తుంది. ఆ పౌనఃపున్యాన్ని 12తో, తర్వాత 32తో, చివరికి టైమర్ లెక్కించే 3తో భాగిస్తే సరిగ్గా 9600 వస్తుంది. బోర్డుపై 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటే అదే వరుస సుమారు 10,417 ఇస్తుంది, తెరపై పిచ్చి అక్షరాలు పడతాయి. ఈ భాగహారం తెలియని విద్యార్థి తప్పును కేబుల్‌లో వెతుకుతూ సాయంత్రమంతా పోగొట్టుకుంటాడు.

8051 వస్తే అన్ని చిప్‌లూ వచ్చినట్టేననడం శుద్ధ తప్పు. ఏవీఆర్, ఆర్మ్ ఆదేశాలు వేరు. ఉద్యోగాల్లో సీ భాషదే రాజ్యమన్న మాటను మాత్రం చాలావరకు ఒప్పుకోక తప్పదు, కొత్తవారు చేత్తో రాసిన కోడ్ కంటే కంపైలర్ ఇచ్చేదే తరచు మెరుగు. అయినా ఆ కంపైలర్ ఏం రాసిందో చదవగలిగినవారికే కాలనియమం తప్పిన చోట దోషం దొరుకుతుంది.

అందుచేత ప్రతి ఆదేశం పక్కన అది ఏం చేస్తుందో కాక ఎందుకు అవసరమో సొంత మాటల్లో రాసుకోవాలి; సిమ్యులేటర్‌లో ఒక్కో అడుగు నడిపిస్తూ రిజిస్టర్లు మారడం గమనించాలి; కిట్‌కు కరెంటు ఇవ్వకముందే క్రిస్టల్‌పై ముద్రించిన అంకె చదివి, టైమర్ విలువను కాగితంపై స్వయంగా లెక్కకట్టాలి.