దోమకు దారి తప్పించే గడ్డి – సిట్రొనెల్లా

బదిలీ ఆర్డరు రాగానే మన ఇళ్ళలో పెట్టెలు సర్దడం మొదలవుతుంది. విశాఖపట్నం నుంచి ఖరగ్‌పూర్, అక్కడి నుంచి టాటానగర్. ఊరు మారుతుంది, స్కూలు మారుతుంది, స్నేహితులు మారతారు. దోమ మాత్రం ప్రతి ఊళ్ళోనూ మనకంటే ముందే కాపురం పెట్టి ఉంటుంది. జంషెడ్‌పూర్‌కు కొత్తగా వచ్చినవాళ్ళకు ఈ సంగతి వానాకాలంలో బాగా తెలిసివస్తుంది. ఒకవైపు సువర్ణరేఖ, ఒకవైపు ఖర్కాయి, దాపున దల్మా కొండల అడవి. చుట్టుపక్కల పల్లెల్లో మలేరియా, పట్నంలో డెంగీ భయం. అందుకే దోమల్ని తోలడానికి కొందరి ఇళ్ళలో ఒక చిన్న సీసా ఉంటుంది. మూత తీస్తే ముందు నిమ్మకాయ వాసన, దాని వెనకాల కొంచెం గులాబీ, ఇంకా వెనకాల పచ్చిగడ్డి. అదే సిట్రొనెల్లా నూనె. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలుసుకుందామని మేము ఈ వ్యాసం మొదలుపెట్టాము.

సిట్రొనెల్లా ఒక గడ్డి. మనం టీలో వేసుకునే నిమ్మగడ్డికి చాలా దగ్గర చుట్టం. ఎండాకాలంలో తడికలు కట్టే వట్టివేరుకు కాస్త దూరపు చుట్టం. నిమ్మగడ్డి, సిట్రొనెల్లా పక్కపక్కన ఉంటే పోల్చుకోవడం కష్టమే. సిట్రొనెల్లా మొదలు దగ్గర కాడలు సాధారణంగా ఎర్రగా, ఊదాగా ఉంటాయి. నిమ్మగడ్డి మొదలు లేతాకుపచ్చగా ఉంటుంది. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే సిట్రొనెల్లాతో టీ కాచుకోరు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి సిలోన్ రకం, రెండోది జావా రకం. వాసన గుణం ఎక్కువ ఉన్నది జావా రకమే. మన దేశంలో పండించేది ఎక్కువగా అదే. అస్సాంలోని జోర్హాట్ ప్రయోగశాల, లక్నోలోని సీమ్యాప్ సంస్థ దీనిలో మంచి వంగడాలు తయారుచేశాయి. మన జంషెడ్‌పూర్‌లో 1950లో మొదలైన జాతీయ లోహశోధన ప్రయోగశాల కూడా ఆ రెండింటిలాగే సి.ఎస్.ఐ.ఆర్. కుటుంబంలోనిదే. కాబట్టి అక్కడ పనిచేసేవారి పిల్లలు మీ తరగతిలో ఉంటే వాళ్ళకు లక్నో కూడా బదిలీల మాటల్లో విన్న పేరే అయివుంటుంది.

ఆకులో నూనె ఉంటుంది కానీ కొబ్బరిని ఆడించినట్టు గానుగలో ఆడిస్తే రాదు. గడ్డిని కోసి, కొంచెం వాడనిచ్చి, పెద్ద డ్రమ్ములో కూరి, కింది నుంచి ఆవిరి పంపిస్తారు. ఇక్కడ ఒక చమత్కారం ఉంది. ఈ నూనెలోని ముఖ్యమైన పదార్థం ఒంటరిగా మరగాలంటే 200 డిగ్రీల సెల్సియస్ దాటాలి. నీటి ఆవిరి తోడుంటే మాత్రం 100 డిగ్రీల లోపే ఆవిరై పైకి వస్తుంది. ఆ ఆవిరిని చల్లని గొట్టంలోంచి పంపితే నీరు, నూనె కలిసి కారతాయి. నూనె తేలిక కాబట్టి పైన తేలుతుంది. వంద కిలోల పచ్చిగడ్డికి దాదాపు ఒక కిలో నూనె వస్తుంది. సీసా చిన్నదిగా, ధర పెద్దదిగా ఉండటానికి కారణం అదే.

వాసన ముఖ్యంగా మూడు పదార్థాలది: సిట్రొనెల్లాల్, సిట్రొనెల్లాల్‌కు తమ్ముడులాంటి సిట్రొనెల్లోల్, జెరానియోల్. మూడింటిలోనూ పదేసి కార్బన్ పరమాణువులు ఉంటాయి. మొదటిది ఆల్డిహైడ్, తక్కినవి రెండూ ఆల్కహాల్‌లు. ఆ గులాబీ వాసన ఈ రెండు ఆల్కహాల్‌లదే. నిజం గులాబీ అత్తరులోనూ అవి ఉంటాయి. సబ్బులు, అగరొత్తులు, నేల తుడిచే ద్రవాలు, సెంట్లు – అన్నిటికీ ఈ నూనె కావాలి. సిట్రొనెల్లాల్ నుంచి మెంథాల్ కూడా తయారుచేయవచ్చు.

ఇక దోమ సంగతి. దోమే మలేరియాను మోస్తుందని తేల్చిన ముఖ్యమైన పరిశోధన జరిగింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కుట్టేది ఆడదోమ మాత్రమే. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్, చెమట వాసన, ఒంటి వేడి పట్టుకుని అది మన దగ్గరికి వస్తుంది. సిట్రొనెల్లా దోమను చంపదు. దాని ముక్కును, అంటే మీసాల్లాంటి స్పర్శశృంగాల్ని, తికమక పెడుతుంది. మనం అక్కడే ఉన్నా దారి దొరకదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో భారత సైన్యం ఈ నూనెను దోమల కోసం వాడింది. సైనికుల పిల్లలకు ఈ మాట నచ్చుతుంది. అయితే ఈ నూనెకు ఒక పెద్ద లోపం ఉంది. తొందరగా ఆవిరయ్యేది కనకనే వాసన వస్తుంది. తొందరగా ఆవిరయ్యేది కనకనే వాసన పోతుంది కూడా. 2002లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన పరీక్షలో సిట్రొనెల్లా మందులు సగటున 20 నిమిషాలు కూడా ఆగలేదు. డీట్ అనే రసాయనం 23.8 శాతం ఉన్న మందు 5 గంటలు ఆగింది. మణికట్టుకు కట్టుకునే బ్యాండ్లు అసలు పనిచేయలేదు. మా అభిప్రాయం అడిగితే, రంగురంగుల ఆ బ్యాండు కొనే డబ్బుతో దోమతెర చిరుగు కుట్టించుకోవడం మేలు. డెంగీ దోమ పగలు కుడుతుంది, మలేరియా దోమ రాత్రి కుడుతుంది. పార్కులో అరగంట ఆటకు ఈ నూనె కొంత సాయం చేస్తుందేమో గానీ రాత్రంతా కాపలా కాయదు.

పూసుకునేటప్పుడు నూనెను నేరుగా రాయకూడదు. కొబ్బరినూనెలో కొద్ది చుక్కలు కలిపి, ముందు మోచేతి లోపల కాస్త రాసి చూడాలి. దురద, మంట వస్తే మానేయాలి. కళ్ళకు తగలకూడదు, తాగకూడదు, పసిపిల్లలకు రాయకూడదు, దీపం దగ్గర పెట్టకూడదు. ఈ పని అమ్మగారో నాన్నగారో దగ్గరుండగా చేయండి. ఇంతకన్నా ముఖ్యం ఇంట్లోని కూలరు. ఇక్కడి ఎండలకు కూలరు లేనిదే గడవదు; దాని అడుగున నిలిచిన శుభ్రమైన నీరే డెంగీ దోమకు ఇష్టమైన పురిటిగది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి వారానికోసారి నీళ్ళు పారబోసి, తొట్టి గోడలు రుద్ది కడగాలి. గుడ్లు తడి లేకున్నా నెలల తరబడి బతికే ఉంటాయి, అందుకే రుద్దడం.

మన జార్ఖండ్‌లో ఇలాంటి వాసన గడ్డే ఇప్పుడు జీవనాధారమయింది. గుమ్లా జిల్లా బిషున్‌పూర్‌లో ముప్ఫైకి పైగా మహిళా సంఘాలు నిమ్మగడ్డి పండిస్తున్నాయని 2020 జూలైలో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో చెప్పారు. నాటిన నాలుగు నెలలకు గడ్డి కోతకు వస్తుంది.

సిట్రొనెల్లాను కుండీలో పెంచుకోవచ్చు. కుండీని కిటికీలో పెట్టినంత మాత్రాన దోమలు పారిపోవు. ఆకు నలిగితేనే నూనె బయటికి వస్తుంది. జావా రకాన్ని విత్తనాలతో కాదు, పిలకలతో నాటుతారు. బదిలీ వస్తే దుబ్బులోంచి ఒక పిలక విడదీసి, వేళ్ళకు తడిగుడ్డ చుట్టి పట్టుకెళ్ళవచ్చు. మిగిలిన దుబ్బు క్వార్టరులో తర్వాత దిగేవాళ్ళకు ఉంటుంది.