గణితం తరగతి గది దాటి రావాలి

గణితశాస్త్రంతో మనలో చాలామందికి పదవ తరగతితోనే బంధం తెగిపోయింది. విశ్వవిద్యాలయాల్లో జరిగే గణిత బోధన మనకు సంబంధించినది కాదని అనుకుంటాం. బోధించేవారిలోనూ కొందరు, సామాన్యులకు వివరించడం తమ స్థాయికి తగిన పని కాదని భావిస్తారు. ఈ రెండు అపోహలూ ఒకదాన్నొకటి పెంచి పోషిస్తున్నాయి. నష్టపోతున్నది మాత్రం మన పిల్లలే.

'ఆల్జీబ్రా' అన్న పేరు ఏ గ్రంథం నుంచి వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. తొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో, ఖలీఫా మామూన్ పాలనలో, బాగ్దాదు నగరంలోని బైతుల్ హిక్మాలో పనిచేసిన ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ రచన అది. ఆయన దానిని పండితుల కోసం మాత్రమే రాయలేదు. వారసత్వ పంపకాలు, వీలునామాలు, వ్యాపారం, భూముల కొలత, కాలువల తవ్వకం వంటి అవసరాలలో ప్రజలకు ఉపకరించాలన్న ఉద్దేశాన్ని పీఠికలోనే తెలిపారు. గ్రంథంలో గుర్తులు లేవు. సమీకరణాలన్నీ మాటల్లోనే ఉన్నాయి.

ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్య పది రెట్లు కలిపితే 39 అవుతుంది. ఆ సంఖ్య ఎంత? ఈ లెక్కను ఆయన బొమ్మతో విప్పి చూపారు. ఒక చతురస్రం గీసి, ఆనుకుని ఉన్న రెండు భుజాలకు 5 వెడల్పు గల పట్టీలు అతికిద్దాం. మొత్తం వైశాల్యం 39. మూలన మిగిలిన ఖాళీ 5 × 5, అంటే 25. దానిని పూడిస్తే 64 వైశాల్యం గల పెద్ద చతురస్రం ఏర్పడుతుంది. దాని భుజం 8. అందులో 5 తీసివేస్తే జవాబు 3. సూత్రం కంఠస్థం చేయకుండానే కారణం కళ్లకు కట్టింది. బోధన అంటే ఇదే.

పదకొండు శతాబ్దాలకు పైగా గడిచాక ఇంగ్లండులో మరో ఆచార్యుడు ఇదే బాట పట్టారు. వార్విక్ విశ్వవిద్యాలయ గణిత విభాగ స్థాపకుడైన క్రిస్టఫర్ జీమన్ టోపాలజీలో పేరుపొందిన పరిశోధకులు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ 1825 నుంచి బాలబాలికల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు నిర్వహిస్తోంది. అయినా 1978 వరకు ఆ వేదికపై గణితానికి చోటు దక్కలేదు. ఆ ఏడాది జీమన్ గణితాన్ని చిత్రాలుగా మలచి పిల్లల ముందుంచారు. ఆ స్ఫూర్తితోనే 1981లో బడిపిల్లలకు గణిత తరగతులు మొదలయ్యాయి. పరిశోధన గొప్పతనం పిల్లలకు చెప్పడం వల్ల తగ్గదని ఆయన జీవితం నిరూపించింది. నేడు గణితాన్ని జనానికి చేరువ చేసినవారికి ఇచ్చే ఒక పతకం ఆయన పేరిటే ఉంది.

ఇక మన ఇళ్ల సంగతి చూద్దాం. ఒక వ్యక్తి 24 ఎకరాలు వదిలి మరణించాడనుకుందాం. అప్పులు లేవు, వసీయతు లేదు. భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె తప్ప ఇతర వారసులు లేరు. దివ్య ఖుర్‌ఆన్ ఆదేశం ప్రకారం భార్యకు ఎనిమిదవ వంతు, అంటే 3 ఎకరాలు. మిగిలిన 21 ఎకరాలలో కుమారునికి రెండు భాగాలు, కుమార్తెకు ఒక భాగం. అంటే 14, 7. నాలుగు భిన్నాలు తెలిస్తే చాలు. అవి తెలియకపోతే ఎవరో చెప్పిన వాటాయే న్యాయమని నమ్మవలసి వస్తుంది.

మన కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో గణితం చెప్పే సోదర సోదరీమణులు ఎందరో ఉన్నారు. వారానికి ఒక గంట తమ వీధి పిల్లల కోసం కేటాయిస్తే, అందులో ఆడపిల్లలకు సమాన స్థానం కల్పిస్తే, అది గొప్ప సేవ అవుతుంది. మనం చేయవలసిందల్లా వారిని అడగడం, మన పిల్లలను పంపడం. లెక్క తెలిసిన బిడ్డను ఆమె హక్కు విషయంలో మభ్యపెట్టడం ఎవరికీ తేలిక కాదు.