సంఘ కాపరికి సంగీత విద్య: ఉత్తరాంధ్ర నేపథ్యములో ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచినచో కీర్తనకు పైన రాగము పేరు, తాళము పేరు కనిపించును. వేదాంత విద్యార్థి హెబ్రీ, గ్రీకు అక్షరములు నేర్చి వాక్యమును పరిశోధించును. కాని తన సంఘము ప్రతి ఆదివారము పాడు పాట పైనున్న ఈ రెండు తెలుగు మాటలను చదువకయే విడిచిపెట్టును. సంగీత విద్య కాపరి పరిచర్యకు ఏ విధముగా తోడ్పడునో, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో దానికి ఉన్న అవకాశమేమో ఈ వ్యాసములో పరిశీలింతము.

1. బైబిలు ఆధారము

1 దినవృత్తాంతములు 25వ అధ్యాయములో ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబముల వారు కనబడుదురు. యెహోవాకు గానము చేయుటలో నేర్పు పొందిన ప్రవీణులు 288 మంది. గురువు, శిష్యుడు అను భేదము లేక వారందరు తమ వంతుల కొరకు చీట్లు వేసికొనిరి (25:7-8). కావున ఆలయ సంగీతము వరము మాత్రమే కాదు, అభ్యసించిన విద్య కూడ. ఆత్మతో పాడుటను, మనస్సుతో పాడుటను పౌలు ఒకే వచనములో చేర్చెను (1 కొరింథీ 14:15).

2. మన ప్రాంత వారసత్వము

పురుషోత్తమ చౌదరి (1803-1890) 1833లో కటకములో బాప్తిస్మము పొందెను. పల్లవి, చరణములతో కూడిన దేశీయ కీర్తన రూపములోనే ఆయన సువార్తను పాడెను. ఉత్తరాంధ్రలోనే, 1919లో, విజయరామ గజపతిరాజు విజయనగరములో సంగీత కళాశాలను స్థాపించెను. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షుడు. తరువాత 1936లో వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పదవిని చేపట్టెను. ఘంటసాల, పి. సుశీల అక్కడ చదివిన వారే. నేడది ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల. కీర్తనకారుడు, కళాశాల రెండును మన ప్రాంతమునకు లభించినను, ఈ రెంటిని కలిపి ఆలోచించిన సంఘములు అరుదు.

3. ఏమి నేర్చుకొనవలెను?

మొదటిది, స్వరలిపి. రాగము పేరు తెలిసినంత మాత్రమున పాట వరుస రాదు. మోహన రాగమునకు స, రి, గ, ప, ద అను ఐదు స్వరములు. ఆ ఐదింటితో ఎన్ని వరుసలైనను కట్టవచ్చును. సాధారణ ప్రతులలో పాట మాటలు, రాగ తాళముల పేర్లు మాత్రమే యున్నవి. వరుస పెద్దల నోటిలో నున్నది. గ్రామ సంఘములో పాత కీర్తన తెలిసిన చివరి వృద్ధురాలు ప్రభువునందు నిద్రించినప్పుడు, మాటలు పుస్తకములో నిలుచును, పాట సమాధికి పోవును. సరళీ, జంట వరుసలు, అలంకారములు నేర్చి స్వరములు గుర్తించుట అలవడిన విద్యార్థి దానిని వ్రాసి కాపాడగలడు.

రెండవది, తాళము. ఆదితాళమునకు 8 అక్షరములు, రూపకమునకు 6. కీబోర్డులో సిద్ధముగా నున్న లయను నొక్కి పాటను దానికి ఇమిడ్చినచో, దీర్ఘము హ్రస్వమగును, పదము నడుమ విరుగును, వినువారికి అర్థము చెడును. బోధలో వాక్యమును సరిగా విభజించువాడు పాటలో దానిని విరువరాదు గదా!

4. ఒక అభ్యంతరము

శాస్త్రీయ సంగీతము అగ్రవర్ణముల సొత్తు, దళిత సంఘములపై దానిని మోపుట న్యాయమా అని కొందరు అడుగుదురు. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. మదురైలోని తమిళనాడు వేదాంత కళాశాలలో థియోఫిలస్ అప్పావు జానపద సంగీతమునే ఆరాధనకు ఆధారముగా చేసి బోధించెను. మన జిల్లాలలోను తప్పెటగుళ్లు, జముకుల కథ వంటి కళలు కలవు. స్వరలిపి ఒక పనిముట్టు మాత్రమే. కీర్తనను వ్రాసిన చేతితోనే కూలి స్త్రీలు నాట్ల వేళ పాడు వరుసను కూడ వ్రాయవచ్చును. ఏ వరుస గొప్పది, ఏది తక్కువది అని తీర్పు తీర్చుటకు ఈ విద్య కాదు.

ముగింపు

కాపరి విద్వాంసుడు కానక్కరలేదు. అయితే ప్రతి వేదాంత విద్యార్థి తన సెలవులలో ఒక గ్రామ సంఘమునకు వెళ్లి, పెద్దల యొద్ద ఐదు పాత వరుసలైనను విని, రికార్డు చేసి, స్వరపరచవలెను. కళాశాలలు దీనిని ఆరాధన పాఠ్యములో అభ్యాసముగా నియమించుట మంచిది. ఆ పెద్దలు మనతో ఉన్నప్పుడే ఈ పని జరుగవలెను.